గుంజాల గోండి వాచకాన్ని యూనికోడ్‌లోకి తెచ్చిన అనుభవం

నేను ఆదిలాబాద్‌లో డీటీపీ పని చేస్తాను. 2024 ఫిబ్రవరిలో, కేస్లాపూర్ నాగోబా జాతర ముగిసిన వారంలో, నార్నూర్ వైపు ఒక ఊళ్లో పనిచేసే గోండు ఉపాధ్యాయుడు ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి నా చేతిలో పెట్టారు. గోండి భాషకున్న లిపుల్లో ఒకటైన గుంజాల గోండిని పిల్లలకు నేర్పడానికి ఆయన కొన్నేళ్ల కిందట తయారు చేసుకున్న వాచకం, చివర చిన్న పదకోశం, మొత్తం 24 పేజీలు. "దీపావళికి మా దండారీ నృత్యాల పండుగ మొదలయ్యేలోగా అచ్చు వేసి ఊళ్లలో పంచాలి. ఈసారి పిల్లలు ఫోన్లలో కూడా చదువుకోవాలి, రాసుకోవాలి" అన్నారు. అందుకు వాచకాన్ని యూనికోడ్‌లోకి, అంటే ఏ లిపి అక్షరానికైనా అన్ని కంప్యూటర్లలో, ఫోన్లలో ఒకే సంకేతం ఉండే పద్ధతిలోకి మార్చాలి. 24 పేజీలే కదా, నెలలో అయిపోతుందనుకున్నాం. అక్టోబరు దాకా పట్టింది. ఇదే పని తలపెట్టే వాళ్లు ఇంకా కొందరు ఉన్నారని విన్నాను. ఎక్కడ ఆగాల్సి వస్తుందో, డబ్బు దేనికి అవుతుందో వాళ్లకు ముందే తెలియాలని రాస్తున్నాను.

ఫైలు తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, బ్రాకెట్లు, శాతం గుర్తులు కనిపించాయి. తెలుగు డీటీపీ చేసినవాళ్లకు ఈ బాధ కొత్త కాదు. పాత ఫాంట్లలో కంప్యూటర్ దాచుకునేది ఇంగ్లిష్ అక్షరాన్నే. దాని మీద మన అక్షరం బొమ్మ తొడుగుతారు. ఫాంట్ పోతే బొమ్మ పోతుంది, కింది ఇంగ్లిష్ అక్షరం బయటపడుతుంది. ఈ వాచకం కూడా అలాంటి ఫాంట్‌తోనే టైపు చేశారు. ఆ ఫాంట్ పెన్‌డ్రైవ్‌లో లేదు. సార్ పాత కంప్యూటర్ చెడిపోయి చాలా కాలమైంది. ఇంద్రవెల్లి వైపు ఆయన మిత్రుడొకరి దగ్గర ఉండవచ్చని తెలిసి కబురు పెట్టాం. దాదాపు మూడు వారాలకు ఫాంట్ చేతికొచ్చింది. ఆ మూడు వారాలు సార్ రోజూ సాయంత్రం ఫోను చేసి "దొరికిందా?" అని అడిగేవారు. వాళ్ల ఊళ్లో ఈ అక్షరాలు రాయగలిగిన పెద్దవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. ఆ ఫోను ఎత్తిన ప్రతిసారీ నాకు గుండె బరువెక్కేది. మీ దగ్గర పాత గోండి ఫైళ్లు ఉంటే, ఏ ఫాంట్‌తో టైపు చేశారో ఆ ఫాంట్ ఫైలును కూడా వాటి పక్కనే దాచండి. ఈ ఒక్కటి ముందే చేసి ఉంటే మాకు మార్చి నెల మిగిలేది.

ఫాంట్ కోసం ఎదురుచూస్తూనే యూనికోడ్ పట్టికను ముద్రించి సార్‌కు ఇచ్చాను. 2018 జూన్‌లో వచ్చిన 11వ కూర్పులో గుంజాల గోండికి 63 సంకేతాలు దక్కాయి. ఆదిలాబాద్ జిల్లాలోని గుంజాల అనే ఊళ్లో బయటపడ్డ రాతప్రతుల మీద హైదరాబాద్ విశ్వవిద్యాలయం తరఫున ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం చేసిన కృషి, 2015లో అన్షుమన్ పాండే యూనికోడ్‌కు పంపిన ప్రతిపాదన దీని వెనక ఉన్నాయి. ఒక జాగ్రత్త చెప్పాలి. దీనికి ఏడాది ముందు, 10వ కూర్పులో, మసరాం గోండి అనే మరో లిపికి కూడా చోటు దొరికింది. అది 1918లో మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్‌కు చెందిన మున్షీ మంగళ్ సింగ్ మసరాం రూపొందించిన లిపి. రెండింటి పేర్లలోనూ గోండి ఉంది, రెండింటికీ ఉచిత ఫాంట్లు ఉన్నాయి. మా దగ్గరికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ల ల్యాప్‌టాప్‌లలో మసరాం ఫాంటే ఉంది. మన ఫైలు వాటిలో కనిపించక, ఫైలే చెడిపోయిందని వాళ్లు అనుకున్నారు.

పట్టిక చేతికి తీసుకున్న సార్ ముందు అచ్చుల మీద వేలు పోనిచ్చారు, తర్వాత హల్లుల మీదికి వచ్చారు. గుంజాల లిపిలో హల్లులు 'క'తో మొదలు కావు. య, వ, బ, భ, మ, ఆ తర్వాతే క, ఖ. చివరికి ప, ఫ, హ, ర, స. యూనికోడ్ పట్టిక కూడా సరిగ్గా అదే వరసలో ఉంది. సార్ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మా నాయన చెప్పిన వరసే ఇది. ఎక్కడో దూరాన కూర్చున్నవాళ్లు దీన్ని మార్చకుండా ఉంచారు" అన్నారు. నాకు అప్పటిదాకా ఇది ఒక డీటీపీ పని. ఆ సాయంత్రం తర్వాత దీన్ని వదలకూడదనిపించింది.

ఏప్రిల్ అంతా పాత ఫాంట్‌ను యూనికోడ్‌కు మార్చే పట్టిక తయారు చేయడంలో గడిచింది. దుకాణం మూసేశాక రాత్రిళ్లు కూర్చునేవాణ్ని. పాత ఫాంట్‌లో ఏ మీట మీద ఏ బొమ్మ ఉందో కాగితం మీద వరసగా రాసుకుని, ప్రతి బొమ్మకు ఎదురుగా యూనికోడ్‌లో దాని సంకేతం రాయాలి. సులువుగా అనిపిస్తుంది గాని చిక్కులు రెండు. ఒకే అక్షరానికి రెండు మూడు మీటల మీద రకరకాల బొమ్మలు ఉంటాయి. పక్క అక్షరానికి తగలకుండా తోక పొట్టిగా గీసినది ఒకటి, మామూలుది ఒకటి. యూనికోడ్‌లో అవన్నీ ఒకే అక్షరం. రెండోది సంయుక్తాక్షరాలు. పాత ఫాంట్‌లో వాటికి విడి బొమ్మలు ఉండేవి. యూనికోడ్‌లో మొదటి హల్లు, విరామ (హల్లులోని అకారాన్ని తీసేసే గుర్తు), రెండో హల్లు, ఇలా ఉచ్చారణ క్రమంలో రాయాలి. కలిపి గీసే పని ఫాంట్‌దే. వెతికి మార్చేటప్పుడు ఎక్కువ బొమ్మలు కలిసిన వాటిని ముందు మార్చి, ఒంటరి బొమ్మలను చివరికి ఉంచుకోవాలి. ఈ క్రమం పాటిస్తే మొత్తం 24 పేజీలు ఒక్క నిమిషంలో మారిపోతాయి. తెర మీద మొదటి పేజీ మారి కనిపించినప్పుడు రాత్రి పదకొండు దాటింది. ఆగలేక సార్‌కు అప్పుడే ఫోటో పంపాను.

అచ్చుల దగ్గర మాత్రం నిజంగా చిక్కుకున్నాం. ఈ పట్టికలో 'ఏ' ఉంది, 'ఓ' ఉంది. హ్రస్వంగా పలికే 'ఎ', 'ఒ' లేవు. ఊ తర్వాత ఒక గడి, ఐ తర్వాత ఒక గడి ఖాళీగా కనిపిస్తాయి. శ, ష, ణ కూడా ఈ లిపిలో లేవు. వాచకం చివర సార్ తన విద్యార్థుల పేర్లు వేశారు. గణేశ్ అనే పిల్లవాడి పేరును న, స లతో రాయాల్సి వచ్చింది. అది ఎవరికీ అభ్యంతరం కాలేదు, వాళ్లు పలికేదీ అలాగే. కాని హ్రస్వ ఎ సంగతి తేలలేదు. ఒక పెద్దాయన తన పుస్తకంలో 'ఏ' గుర్తును కొద్దిగా మార్చి రాసేవారని సార్‌కు గుర్తు. అది కావాలని చేసిన తేడానో, ఆయన చేతిరాత అలవాటో మాకు చెప్పేవాళ్లు లేరు. అచ్చువేసే వాచకంలో అన్నిచోట్లా 'ఏ' గుర్తే ఉంచి, ఆ విషయాన్ని వేరే కాగితం మీద రాసి పెట్టుకున్నాం.

తప్పులు దిద్దే పని మార్చి, ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోవద్దు. మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పపువ్వు రాలుతుంది. తెల్లవారక ముందే ఇంటిల్లిపాదీ చెట్ల కిందికి వెళతారు. మేలో తునికాకు. చదివి చెప్పగలిగిన పెద్దాయన మాకు దొరికింది మే చివరి వారంలోనే. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, కాగితాన్ని వాకిట్లో వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఒక్కో మాటా బయటికి చదివారు. మూడో పేజీలో ఒక అక్షరం దగ్గర ఆగిపోయారు. మేము వాడిన ఫాంట్‌లో దాని మలుపు గుండ్రంగా ఉంది. ఆయన చేతిరాతలో అది ఒక చిన్న కొక్కెంలా కిందికి దిగుతుంది. చూపుడు వేలితో నేల మీద గీసి చూపించారు. "ఇది మా రాత కాదు. చదవడానికి వస్తుంది" అన్నారు. ఆ మాట నన్ను కలవరపెట్టింది. యూనికోడ్ ఇచ్చేది అక్షరానికి ఒక సంకేతం మాత్రమే. అది ఏ రూపంలో కనిపించాలో నిర్ణయించేది ఫాంట్. మేము వాడినది గూగుల్ ఉచితంగా ఇచ్చే నోటో సాన్స్ గుంజాల గోండి. దాని లైసెన్సు ప్రకారం మనం మార్పులు చేసుకుని వేరే పేరుతో పంచుకోవచ్చు. ఆయన చేతిరాతను కాగితం మీద రాయించి భద్రపరిచాను. ఆ రూపంలో ఫాంట్ చేయాలని ఉంది. ఈ వాచకానికి మాత్రం సమయం చాలలేదు.

కీబోర్డ్ కోసం కీమ్యాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాను. కంప్యూటర్‌కు, ఫోనుకు ఒకేసారి కీబోర్డ్ తయారు చేసుకోవచ్చు. అక్షరాలను ఎలా అమర్చాలన్నదే చర్చ. పిల్లల చేతులకు తెలుగు కీబోర్డ్ అలవాటు కాబట్టి ఆ స్థానాల్లోనే పెడదామని నేనన్నాను. సార్ ఒప్పుకోలేదు. "బడిలో ఒక వరస, ఫోనులో ఒక వరస అయితే పిల్లలు దేన్నీ గుర్తుంచుకోరు" అన్నారు. ఫోను కీబోర్డ్‌లో మొదటి వరస య, వ, బ, భ, మ అయింది. ఆయన చెప్పిందే సరైనదని బడిలో పిల్లలు టైపు చేస్తుంటే తెలిసింది. వాళ్లు మీటల కోసం వెతకలేదు, పాఠం అప్పజెబుతూ వెళ్లిపోయారు.

జూన్‌లో బడులు తెరిచాక ఊరి వాట్సాప్ గ్రూపులో సార్ మొదటి సందేశం పెట్టారు: 'మావా నాటే మావా రాజ్'. మా ఊళ్లో మా రాజ్యం అన్న ఆ నినాదం ఆదివాసీ ఊళ్లలో అందరికీ తెలిసినదే. కొందరి ఫోన్లలో అక్షరాలు చక్కగా కనిపించాయి. మరి కొందరికి వరసగా ఖాళీ డబ్బాలు. ఒక కుర్రాడు బాధగా "సార్, మన భాష నా ఫోనులో పట్టదా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు సార్ ముఖం చిన్నబోయింది.

ఇక్కడ తెలుసుకోవాల్సిన ముఖ్యమైన విషయం ఒకటుంది. డబ్బాలు కనిపిస్తే రాసింది పోలేదు. ఆ ఫోనులో ఈ లిపి ఫాంట్ లేదు, అంతే. డబ్బాలు కనిపించే మనిషి ఆ సందేశాన్ని ఇంకొకరికి పంపితే, ఫాంట్ ఉన్న ఫోనులో మళ్లీ అక్షరాలుగానే కనిపిస్తుంది. మేము అలా పంపించి చూపించాం. చాలా ఫోన్లలో మనంతట మనం ఫాంట్ చేర్చుకునే వీలు లేదు. కాబట్టి వాచకాన్ని ఫాంట్ లోపలే ఇమిడి ఉన్న పీడీఎఫ్‌గా ఇచ్చాం. వెబ్‌పేజీతో పాటు ఫాంట్ కూడా దిగేలా పెడితే అక్కడా కనిపిస్తుంది.

ప్రశ్నార్థకాలు కనిపిస్తే మాత్రం భయపడాలి. ఊరి యువకులు తక్కువ ఖర్చుతో ఒక వెబ్‌సైట్ పెట్టుకున్నారు. అందులో సార్ ఒక పూట కూర్చుని గోండి లిపిలో ఒక కథ ఎక్కించారు. భద్రపరచి మళ్లీ తెరిస్తే అక్షరానికి ఒకటి చొప్పున వరసగా ప్రశ్నార్థకాలు. అవి మళ్లీ అక్షరాలు కావు, ఆ రాత పూర్తిగా పోయినట్టే. కారణం వెతికితే తెలిసింది. తెలుగు అక్షరాన్ని దాచడానికి మూడు బైట్లు చాలు. గుంజాల గోండి సంకేతాలు యూనికోడ్‌లో చాలా పైన ఉన్నాయి, ఒక్కోదానికి నాలుగు బైట్లు కావాలి. ఆ వెబ్‌సైట్ డేటాబేస్‌ను ఎవరో మూడు బైట్ల వరకే పట్టేలా అమర్చి ఉంచారు. వెబ్‌సైట్‌కు చోటిచ్చిన సంస్థకు రాశాం. పది రోజుల తర్వాత "ఈ భాషకు మా దగ్గర సదుపాయం లేదు" అని జవాబొచ్చింది. అప్పుడు నేను ఇంకో ఉత్తరం రాశాను. మనం రోజూ వాడే నవ్వు ముఖం ఎమోజీకి కూడా నాలుగు బైట్లే కావాలి. మీ డేటాబేస్‌లో ఎమోజీ కూడా నిలవదు, కావాలంటే పరీక్షించి చూడండి అని రాశాను. మర్నాడే అమరిక మార్చారు. ఆ కథను సార్ మళ్లీ మొదటి నుంచి టైపు చేశారు.

అప్పటి నుంచి ఏ కొత్త చోటైనా ముందు ఒక ఎమోజీ పెట్టి, భద్రపరచి, మళ్లీ తెరిచి చూస్తాం. ఎమోజీ నిలిస్తే గోండి అక్షరం కూడా నిలుస్తుంది. ఆన్‌లైన్ ఫారాల్లో మరో చిన్న ఆశ్చర్యం ఎదురైంది. పేరుకు ఇరవై అక్షరాల హద్దు పెట్టిన ఫారంలో గోండి లిపిలో పది దగ్గరే ఆగిపోయింది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఈ అక్షరాలను ఒక్కోదాన్ని రెండుగా లెక్కపెడతాయి. గుణింతపు గుర్తులు కూడా లెక్కలోకే వస్తాయి కాబట్టి చిన్న పేరు కూడా పట్టదు.

జూలైలో వానలు. వాగు పొంగి బస్సు ఆగిపోయింది. రెండో ప్రూఫు ఆగస్టు మధ్యదాకా నా బల్ల మీదే ఉంది. ఆ ఖాళీలో పదకోశం పని పెట్టుకున్నాను. కంప్యూటర్‌తో అక్షరక్రమంలో అమర్చితే య తో మొదలయ్యే మాటలు ముందు వచ్చాయి. పట్టిక వరస అదే కాబట్టి అలాగే వస్తుంది. వాచకాన్ని చూసిన మరో ఉపాధ్యాయుడు, తెలుగు చదివిన పిల్లలకు క నుంచే సులువని, మార్చమని గట్టిగా పట్టుబట్టారు. సార్ ఆయన్ని పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లారు. పెద్దాయన వాదించలేదు. య నుంచి స వరకు ముప్పై హల్లులూ తన చిన్నప్పుడు నేర్చుకున్న రాగంలో పాడి వినిపించారు. ఆ ఉపాధ్యాయుడు ఆ పాటను తన ఫోనులో రికార్డు చేసుకుని, తన బడిలో కూడా అలాగే నేర్పుతానన్నారు. పదకోశం య తోనే మొదలవుతుంది.

అచ్చు సెప్టెంబరులో. మొదట అడిగిన ప్రెస్సు వాళ్లు తమ పాత పేజీ సాఫ్ట్‌వేర్‌లోకి తెమ్మన్నారు. అందులో ఈ లిపి అతికించగానే ఖాళీ అయిపోయింది. లిబ్రేఆఫీస్‌లో పేజీలు కట్టి, ఫాంట్ ఇమిడ్చిన పీడీఎఫ్ ఇస్తే ఇంకో ప్రెస్సు తీసుకుంది. 300 ప్రతులకు 11,000 రూపాయలు అడిగారు. పూర్తి పని చేయించే ముందు ఒక్క పేజీ పరీక్షగా తీయించుకోండి. దానికి వాళ్లు డబ్బు అడగలేదు, మాకు మాత్రం చాలా మేలైంది. తెలుగు పక్కన గోండి అక్షరాలు కంటికి చిన్నగా కనిపించాయి. రెండు పాయింట్లు పెంచాం. ఫాంటుకు, కీబోర్డ్ సాఫ్ట్‌వేర్‌కు, యూనికోడ్ పట్టికకు పైసా ఖర్చు లేదు. అచ్చు కాక ప్రూఫు కాగితాలు, ప్రయాణాలు, వెబ్‌సైట్ చోటు అన్నీ కలిపి సుమారు 4,000 అయ్యాయి. సగం సార్ జీతంలోంచి, మిగతాది ఊరివాళ్లు వేసుకున్న చందా.

ప్రతులు దండారీకి రెండు వారాల ముందే ఊరు చేరాయి. ఒక తల్లి తన కూతురి పేరు ఉన్న పేజీని అందరికీ తెరిచి చూపించింది. చూస్తూ నిలబడ్డ నాకు కళ్లు చెమర్చాయి.

హ్రస్వ ఎ, ఒ సంగతి ఇంకా మిగిలే ఉంది. యూనికోడ్‌లో కొత్త గుర్తు చేర్చాలంటే అది నిజంగా వాడుకలో ఉందని రాత ఆధారాలతో చూపించాలి. ఒకసారి చేరిన సంకేతాన్ని మళ్లీ తొలగించరు. అందుకే వాళ్లు అంత జాగ్రత్తగా పరిశీలిస్తారు. ఏళ్లు పడుతుందని ముందే సిద్ధపడాలి. తెలుగులో పాత నకారపొల్లుకు (అచ్చు లేని 'న్'ను రాసే పాత అక్షరానికి) కూడా 2021లో, 14వ కూర్పులో గాని సంకేతం రాలేదు. అదే కూర్పులో కెనడా ఆదివాసుల సిలబిక్స్ లిపికి 16 అక్షరాలు కొత్తగా చేరాయి. వాటిలో ఎక్కువ భాగం నట్టిలిక్ ఇన్యూట్లు తమ భాషను సరిగ్గా రాసుకోవడానికి కావలసినవి. ఆ లిపికి 1999లోనే 630 సంకేతాలు వచ్చాయి. లోటు తీరడానికి మరో 22 ఏళ్లు పట్టింది. మాకు అంత కాలం పట్టినా ఫరవాలేదు, మొదలుపెట్టాల్సింది మాత్రం పాత పుస్తకాలు చెదలు పట్టక ముందే.

మీ ఇంట్లో, మీ బంధువుల ఇళ్లలో గుంజాల లిపిలో రాసిన పాత పుస్తకాలు ఉంటే పేజీ అంచులతో సహా పగటి వెలుతురులో ఫొటో తీయండి, ఫ్లాష్ వద్దు. ఏ ఊరిదో, ఎవరు రాశారో, ఇంటివాళ్లు ఒప్పుకున్నారో లేదో రాసిపెట్టండి. ఎ, ఒ పలికే మాటలున్న పేజీలు ముఖ్యంగా కావాలి. పుస్తకాన్ని ఆ ఇంటి నుంచి కదిలించవద్దు, స్పష్టమైన ఫొటో ఉంటే సరిపోతుంది.